మాటలు పోగేసినవాళ్ళు

ఈ వారం ఓ పావుగంట ఏదైనా మాట్లాడమని అడిగినప్పుడు, నేను సాఫ్ట్‌వేర్ గురించి చెప్తానని నిర్వాహకులు అనుకున్నారట. వారం పొడుగునా అదే గొడవ, ఆదివారం కూడా ఎందుకు! ఈ పూట తెలుగు మాటల్ని పోగేసిన కొందరి గురించి చెప్తాను. నేను భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. చదివింది ఎం.టెక్., చేసేది కన్సల్టింగు. అయితే కంపెనీలకి ఏం కావాలో కాగితం మీద రాసిపెట్టే ఉద్యోగంలో, ఒక మాటకి ఇద్దరు రెండు అర్థాలు తీసుకుంటే ఎంత డబ్బు మునుగుతుందో రోజూ చూస్తుంటాను. మాటల మీద ఈ పిచ్చి అక్కణ్ణుంచి పట్టిందే.

స్లౌ, సటన్, బకింగ్‌హమ్‌షైర్ వైపు ఉండే మన కుటుంబాలకి ఎలెవన్ ప్లస్ గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. గ్రామర్ స్కూల్లో సీటు కావాలంటే పదేళ్ళ పిల్లలు ఇంగ్లీషు పదాల జాబితాలు మింగాలి. ఒక్కో పదానికి నాలుగు పర్యాయపదాలు, రెండు వ్యతిరేకపదాలు. ఫ్రిజ్ తలుపు మీద జాబితా, బాత్‌రూం అద్దం మీద జాబితా, కారులో వెనక సీటుకి తగిలించిన జాబితా. మా ఇంట్లోనూ అంతే. ఇదేదో ఇంగ్లీషువాళ్ళ చోద్యం అని మనం అనుకుంటాం గానీ, మన తాతముత్తాతలకి ఇది కొత్త కాదు.

మన వీధిబడుల్లో అక్షరాలు దిద్దడం అయిన పిల్లవాడి చేత అమరకోశం వల్లె వేయించేవాళ్ళు. అమరసింహుడు సంస్కృతంలో కూర్చిన నిఘంటువు అది. మూడు కాండలు, అంతా శ్లోకాలే. అ-ఆ-ఇ-ఈ వరస ఉండదు. దేవతల పేర్లన్నీ ఒకచోట, ఆకాశం, దిక్కులు, కాలం ఇంకోచోట; తర్వాత నేల, ఊరు, కొండ, అడవి, జంతువులు, మనుషులు, వాళ్ళు చేసే పనులు. తెలుగు మాటలకి కూడా ఇదే పద్ధతిలో పద్యాల నిఘంటువులు వచ్చాయి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, ఆడిదము సూరకవి ఆంధ్రనామశేషం అలాంటివే. అచ్చుయంత్రం లేని రోజుల్లో, తాటాకులు అందరికీ దొరకని రోజుల్లో, నిఘంటువు ఉండాల్సిన చోటు మనిషి బుర్రే. శ్లోకం నోటికొస్తే గ్రంథాలయం వెంట నడిచినట్టే. అందుకని బట్టీ అనగానే ముక్కు విరిచే మన అలవాటు నాకు అంత సబబుగా తోచదు. కావ్యం చదవబోయేవాడికి ఆ బట్టీ నిజంగా పనికొచ్చింది.

కావ్యం దాకా వెళ్ళనివాడి సంగతి వేరు. వాళ్ళే ఎక్కువమంది కదా.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో, ఏం చెప్తున్నారో లెక్క తీయించాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో జవాబు పంపాడు. ఆనాటి బళ్ళారి జిల్లాలో ఇవాళ్టి అనంతపురం ప్రాంతమూ, ఆదోనీ కూడా కలిసుండేవి. క్యాంప్‌బెల్ మామూలు కలెక్టరు కాదు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో తెలుగు నిఘంటువు అచ్చువేసినవాడు. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. బడుల్లో 226 తెలుగువి, 235 కన్నడంవి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్పే పద్ధతి ఆయనకి బాగా నచ్చింది. నచ్చనిది ఒకటుంది. పిల్లలు చదివే పుస్తకాలన్నీ పద్యాలు, ఆ భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు, అర్థం పంతులుగారికే సరిగా తెలియదు. పిల్లవాడు లెక్కలేనన్ని పద్యాలు అప్పజెప్తాడు గానీ చిలకకి తెలిసినంతే వాడికీ తెలుసు అని రాశాడు. కలెక్టరు దొరతనంతో అన్న మాట కొంత ఉండొచ్చు. కానీ తెలుగు నేర్చుకుని, తెలుగుకి నిఘంటువు రాసినవాడి ఫిర్యాదు గనక పక్కన పెట్టేయలేం.

అదే నివేదికలో ఆయన ఇంకో మాట రాశాడు. బడులు ఎందుకు మూతపడుతున్నాయంటే దేశం బీదదైపోతోంది గనక అన్నాడు. ఐరోపా నుంచి వచ్చిపడే బట్టల వల్ల మన నేతగాళ్ళ బతుకు దెబ్బతిన్నదని, కంపెనీ ఉద్యోగంలో ఉంటూనే ఒప్పుకున్నాడు. ఈ నేతగాళ్ళ దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇంతకీ తెలుగు మాటల్ని అకారాది వరసలో పేర్చిన తొలి నిఘంటువు ఎవరిది? పండితుడిది కాదు. మచిలీపట్నంలో వ్యాపారం చేసుకునే కోమటి, మామిడి వెంకయ్యగారు. ఆయన ఆంధ్రదీపిక తర్వాత వచ్చిన దొరలకీ పండితులకీ అందరికీ దారి చూపించింది. క్యాంప్‌బెల్ కూడా ఆయనకి రుణపడ్డవాడే. ఒక వ్యాపారికి ఈ వరస తట్టడం నాకేం ఆశ్చర్యంగా అనిపించదు. దుకాణంలో సరుకు ఎక్కడుందో చటుక్కున దొరకాలి. శ్లోకం మొదట్నుంచీ అప్పజెప్పుకుంటూ వెళ్తే బేరం పోతుంది! మా భాషలో దీన్ని ఇండెక్సు అంటాం.

ఇక బ్రౌన్. తెలుగువాళ్ళకి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరు తెలియకపోవడం ఉండదు, ముఖ్యంగా మా కడప వాళ్ళకి. 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసు వచ్చి, కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టి, 1820లో ఉద్యోగం మీద కడపకి చేరాడు. అప్పటికి ఇంకా ఇరవై రెండేళ్ళు నిండలేదు. ఆయన తెలుగు ప్రేమ గురించి, వేమన గురించి, జీతం డబ్బులు పోసి పండితుల చేత తాళపత్రాలకి ప్రతులు రాయించిన కథలూ మీరు వినే ఉంటారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరున గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఎంత తిరిగి దాన్ని నిలబెట్టారో మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నేను చెప్పదలచుకున్నది ఆయన కావ్యసేవ గురించి కాదు, మూడో నిఘంటువు గురించి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది, ఇంగ్లీషు-తెలుగు 1854కల్లా పూర్తయింది. అవి అందరికీ తెలుసు. 1854లోనే ఇంకొక చిన్న పుస్తకం వచ్చింది, మిశ్రభాషా నిఘంటువు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాల కోశం అది. దావా, వకీలు, రుజువు, జామీను, దస్తావేజు, తాఖీదు, జమాబందీ. కవిత్వానికి పనికిరావని పండితులు గడప తొక్కనివ్వని మాటలివి. పారసీ, అరబ్బీ, హిందుస్తానీ నుంచి వచ్చి కచేరీల్లో తిష్ట వేసిన మాటలు.

కడప కచేరీ అరుగు మీద కూర్చున్న రైతుకి కావలసినవి మాత్రం ఇవే. పద్మానికి పదహారు పేర్లు తెలిసినా, జామీను అంటే ఏమిటో తెలియనివాడు ఆ రాత్రి ఖైదులో పడుకుంటాడు. కచేరీ పని స్వయంగా చేసినవాడు గనక బ్రౌన్‌కి ఇది తెలుసు. జూలూరి అప్పయ్య వంటి పండితుల్ని దగ్గర పెట్టుకుని కావ్యాలు పరిష్కరించిన మనిషే, ఈ మాటలకి వేరే పుస్తకం వేశాడు. నా మటుకు నాకు బ్రౌన్ చేసిన పనుల్లో గొప్పది ఇదే. దీనికి విగ్రహాలు కట్టరు గానీ.

ఇది పాత కథ అనుకోకండి. మూడేళ్ళ కిందట మా నాయన ప్రొద్దుటూరు దగ్గర పొలం పంపకాలకి భాగపరిష్కార దస్తావేజు నకలు నాకు ఇక్కడికి పంపించారు, చదివి సంతకం పెట్టమని. ఇంగ్లీషులో నూటయాభై పేజీల కాంట్రాక్టులు చదివే నేను నాలుగు పేజీల తెలుగు కాగితం ముందు రెండు గంటలు కూర్చున్నాను. చెక్కుబందీ అని ఉంది. నాలుగు వైపులా ఉన్న హద్దుల వివరం అన్నమాట. దాని కింద "తూర్పు: మరవ వంక". ఆ తర్వాత వచ్చింది అసలైన వాక్యం: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలతో సహా.

ఫోన్ చేస్తే నాయన నవ్వి ఒక్కోటీ చెప్పుకుంటూ వచ్చారు. నేలలో పూడ్చి ఉన్న ధనం నిధి. ఎవరైనా దాచి ఉంచినది నిక్షేపం. బావి, ఊట, వాన నీరు జలం. రాయీ రప్పా పాషాణం. ఎప్పటికీ తరగక వచ్చే ఫలం అక్షిణి. రేపు రాబోయేది ఆగామి. ఇప్పటికే చేతికందినది సిద్ధం. కష్టపడితే సాధించుకోగలిగేది సాధ్యం. కొన్ని కాగితాల్లో తరువులు కూడా చేరుస్తారట, చెట్లు ఎవరివన్న తగువు రాకుండా. ఈ ఎనిమిదీ విజయనగరం రాజులు అగ్రహారాలు దానమిచ్చిన రాగిశాసనాల్లో కనిపిస్తాయి. వందల ఏళ్ళుగా, రాజులు పోయి, కంపెనీ పోయి, ఇవాళ సబ్ రిజిస్ట్రారు కచేరీ దాకా ఆ వాక్యం నడిచి వచ్చింది.

దీన్ని నేను మా ఆఫీసు కళ్ళతో చూశాను. ఎనిమిది మాటలు, ఎనిమిది హక్కులు. ఒక్క మాట జారితే ఒక్క హక్కు జారుతుంది. పొలంలో రాయి ఉందనుకోండి, నల్లరాయి, నాపరాయి. మా కడప జిల్లాలో దానికి ఎంత విలువో చెప్పక్కర్లేదు. "పాషాణం" అన్న మాట అక్కడ ఊరికే శ్లోకంలా మోగడానికి పెట్టింది కాదు.

బ్రౌన్ తర్వాత మన పండితులు గొప్ప నిఘంటువులు చేశారు. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరం 1885లో వచ్చింది. ప్రతి మాట పక్కనా "దే. వి.", "స. క్రి." అంటూ దాని కులగోత్రాలు చెప్పే ఆ క్రమశిక్షణ ముచ్చటేస్తుంది. పిఠాపురం రాజావారి పోషణలో, జయంతి రామయ్య పంతులుగారి ఆధ్వర్యంలో మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వెలువడింది. అంత పెద్ద పని తెలుగులో మళ్ళీ జరగలేదనే చెప్పాలి. కానీ రెండింటికీ ఆధారం కావ్యాలే. కవి వాడితేనే అది మాట. నోట్లో ఉన్నది, కావ్యంలో లేనిది గ్రామ్యం. వ్యావహారిక భాషావాదులు దీన్ని గట్టిగానే విమర్శించారు. వాళ్ళ పెద్ద గిడుగు రామమూర్తిగారు ఏం చేశారో చూడండి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, కొండల్లోని సవరల భాష నేర్చుకోవడానికి సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాటమాటా రాసుకున్నారు. ఆ భాషకి అప్పటికి లిపే లేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. ఎవరి మాటైనా మాటే అని ఉపన్యాసాలు చెప్పడం ఒకటి, ముప్ఫై నలభై ఏళ్ళు కూర్చుని రాసుకోవడం ఇంకొకటి.

అదే దారిలో తెలుగు రైతు దగ్గరికి వెళ్ళినవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం ఆయన తయారుచేసిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. ఊళ్ళకి వెళ్ళి, ప్రశ్నల పట్టిక ముందు పెట్టుకుని, దున్నేవాళ్ళనే అడిగి మాటలు రాసుకున్నారు. ఏ మాట ఏ జిల్లాలో వాడతారో గుర్తించారు. ఆ సామగ్రి మీదే తెలుగునేలను ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య అని నాలుగు మాండలికాలుగా విడదీసి చూపించారు. అంటే తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర వైపు, మధ్య కోస్తా. తర్వాత 1971లో చేనేత పదాల సంపుటం. ఇల్లు కట్టేవాళ్ళ మాటల్ని బూదరాజు రాధాకృష్ణగారు కూర్చారు.

మా నాయన దస్తావేజులోని మరవ దగ్గరికి వద్దాం. చెరువు నిండితే ఎక్కువ నీళ్ళు కట్ట తెగకుండా పొర్లిపోయే చోటు అది. కోస్తావాళ్ళు అలుగు అంటారు. మా ఆఫీసులో వరంగల్ వైపు స్నేహితుడున్నాడు, అతనికి అది మత్తడి. మేం ముగ్గురం ఒకసారి భోజనాల దగ్గర దీని మీద అరగంట వాదించుకున్నాం. వేరుశనక్కాయ మీద ఇంకో అరగంట. అతను పల్లీ అంటాడు, కర్నూలు వాళ్ళు బుడ్డలు అంటారు, మా ఇంట్లో శెనక్కాయలు. ఇందులో ఎవరి తెలుగు అసలు తెలుగు అన్న ప్రశ్న మన విదేశీ సంఘాల్లో పండగ పండక్కీ లేస్తూనే ఉంటుంది. కృష్ణమూర్తిగారి పుస్తకం తెరిస్తే ఆ ప్రశ్నకే అర్థం లేదని తెలుస్తుంది. చెరువున్న ప్రతిచోటా జనం దానికి కట్ట పోశారు, తూము పెట్టారు, అలుగో మత్తడో మరవో కట్టారు, నీళ్ళు పంచడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. పని ఒకటే, పేర్లు నేలనుబట్టి. నాగలి మా వైపు మడక. గొర్రుతో విత్తేటప్పుడు గింజలు పోసే గిన్నెలాంటిది జడ్డిగం. అందులోంచి చాళ్ళలోకి గింజ ఎలా జారుతుందో చూసినవాడికి ఆ మాట చచ్చినా మరపు రాదు.

ఆ కోశం కొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో ఆలోచించండి. ట్రాక్టరు వచ్చాక మడకకి సంబంధించిన మాటలు ఎవరికి కావాలి? క్యాంప్‌బెల్ చెప్పిన నేతగాళ్ళ సంగతీ అంతే. మగ్గం మూలపడితే దాని పోగుకీ, పన్నెకీ, అచ్చుకీ ఉన్న పేర్లు కూడా దాంతోపాటే మూలపడతాయి. 1823లో బడికి పంపే స్తోమత పోయిన ఆ ఇళ్ళల్లో ఎన్ని మాటలు పోయాయో ఏ నిఘంటువులోనూ దొరకదు, ఎందుకంటే అప్పుడు వాళ్ళ దగ్గరికి కాగితం తీసుకుని వెళ్ళినవాళ్ళు లేరు.

బ్రౌన్ జీవితంలో చివరి భాగం ఇక్కడే గడిచింది. 1855లో ఇంగ్లండు తిరిగొచ్చాడు. 1865లో యూనివర్సిటీ కాలేజీ లండన్‌లో తెలుగు ఆచార్యుడయ్యాడు. తెలుగు నేర్చుకోవడానికి ఆ క్లాసులో ఎంతమంది కూర్చునేవాళ్ళో గానీ, మన శనివారం తెలుగు బడికంటే ఎక్కువ ఉంటారని నేననుకోను! 1884 డిసెంబరు 12న పోయాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి ఉంది. బేకర్లూ లైన్లో వెంబ్లీ వెళ్ళేటప్పుడు ఆ స్టేషను తగుల్తుంది. కూరగాయలకి వెళ్ళేవాళ్ళు ఓ గంట ముందు బయల్దేరితే చూసి రావచ్చు.

ఆయన నిఘంటువు ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా నిఘంటువుల సైట్లో ఉచితంగా ఉంది, 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువు కూడా. ఆంధ్రభారతిలో అయితే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రం, మాండలిక కోశాలు అన్నీ ఒకేసారి వెతకొచ్చు. అంటే బుర్రలో మోయాల్సిన అవసరం తీరింది. మాటని నోట్లోకి తెచ్చే పని మాత్రం ఏ సైటూ చేయదు.

మా అమ్మ పోయిన ఏడు ఇక్కడ ఆరు నెలలుండి వెళ్ళింది. ఆవిడ వెళ్ళాక మా అమ్మాయి రెండు మూడు రోజులు సరిగా తినలేదు. ఏమైందంటే ఎలెవన్ ప్లస్ జాబితాలోంచి ఇంగ్లీషు మాటలు తీసి చెప్పింది, మంచి ఖరీదైన మాటలు. ఏదీ తనకే నచ్చలేదు, అది కాదు, ఇదీ కాదు అంది. "జేజి మీద బెంగ పెట్టుకున్నావు" అన్నాను. బెంగ అంటే ఏమిటని అడిగింది. చింత కాదు, దిగులూ కాదు, ఒక మనిషి ఎదురుగా లేకపోతే వచ్చేది, అదే మనిషి వస్తే పోయేది అని చెప్పాను. ఆ ఆదివారం ఫోన్లో జేజితో తనే అంది, "జేజీ, నాకు నీ మీద బెంగ." అంతకుముందు వాళ్ళిద్దరి ఫోను రెండు నిమిషాలకి మించేది కాదు. తిన్నావా, తిన్నాను, బాగుండావా, బాగున్నాను. ఆ రోజు నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. మధ్యలో మా అమ్మ కొంచెంసేపు ఏడ్చింది కూడా.

ఇప్పుడు ఆదివారం ఆదివారం జేజి ఒక మాట చెప్తుంది, మా అమ్మాయి నోటుబుక్కులో రాసుకుంటుంది. బదులుగా దానికి ఇంగ్లీషు మాట జేజికి చెప్పాలి, అదీ ఒప్పందం. దుత్త, చిక్కం, జల్లెడ, కవ్వం అయ్యాయి. కిందటి వారం జేజి ఉట్టి ఇచ్చింది. మా అమ్మాయి ఇంకా వెతుకుతోంది.